అడవికి వాకిళ్లు కట్టిన మేస్త్రీలు

నైజీరియాలోని ఒషోగ్బో పట్టణం అంచున 75 హెక్టార్ల అడవి ఒకటి ఇంకా పచ్చగా నిలిచి ఉంది. చుట్టుపక్కల ఊళ్ల అడవులు చాలావరకు ఎప్పుడో పోయాయి. ఇది మిగలడం వెనక ఆ ఊరి తాపీ మేస్త్రీలు, వడ్రంగులు ఉన్నారు. ఆస్ట్రియా నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన ఒక చిత్రకారిణి ఉంది. వాళ్లంతా కలిసి ద్వారాల దగ్గర, ప్రహరీల మీద, నది ఒడ్డున నిలబెట్టిన బొమ్మలు ఉన్నాయి.

ఊరి ఇళ్లు పలచబడుతుండగానే గోడ మొదలవుతుంది. మామూలు ప్రహరీ అనుకుని దాటిపోలేం. గోడ ఒంటి మీద మనుషులు, జంతువులు, ఆ రెండింటి పోలికలూ కలిసిన మరేవో ఆకారాలు ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చి ఉంటాయి. లోపలికి దారితీసే కమానుల్లో ఒకదాన్ని ‘ఎగిరే తాబేలు’ అంటారు. ఇక్కడి యోరుబా జాతి పిల్లలు వినే కథల్లో తాబేలు పేరు ఇజాపా. ఎవరినైనా బురిడీ కొట్టించగల జిత్తులమారి. ఆ తాబేలు ఇక్కడ సిమెంటు ఒళ్లు వేసుకుని దారి మీదకు ఎక్కింది. దాని కింద నుంచి నడిచి వెళ్తేనే ఒషున్ అమ్మవారి నది.

బోర్డు మీద ‘ప్రవేశం నిషిద్ధం’ అని రాసి ఉంటే చదివినవాడు ఒకసారి అటూ ఇటూ చూసి లోపలికి దూరతాడు. గోడ మీదినుంచి ఉబ్బిన కళ్లతో ఎవరో తననే చూస్తుంటే అంత తేలిగ్గా దూరలేడు. మన పల్లెల్లో పొలిమేర దగ్గర పోతురాజు రాయిని ఎరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

పగిలిన రంగు కుండలు

లాగోస్ నుంచి ఈశాన్యంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళ్తే ఒషోగ్బో వస్తుంది. ఒషున్ రాష్ట్రానికి ఇప్పుడిది రాజధాని. ఊరి పుట్టుక గురించి అక్కడివాళ్లు చెప్పుకునే కథలో ఇద్దరు మనుషులు వస్తారు. ఒకరు లారోయె, నాయకుడు. ఇంకొకరు తిమెహిన్, వేటగాడు. కరువు తట్టుకోలేక నీళ్లు వెతుక్కుంటూ తమవాళ్లతో ఈ నది ఒడ్డుకు చేరారు. ఇళ్లు వేసుకోవడానికి చెట్లు కొడుతుంటే ఒక మాను వెళ్లి నదిలో పడింది. నీళ్లలోంచి ఒక ఆడగొంతు వినిపించింది: మీరు నా రంగు కుండలన్నీ పగలగొట్టేశారు అని. నది అడుగున అద్దకం పని చేసుకుంటున్న ఒషున్ దేవత గొంతు అది. వాళ్లు భయపడి క్షమాపణ అడిగారు. ఒడ్డు వదిలి కాస్త దూరంగా ఊరు కట్టుకోండి, నన్ను కొలవండి, మిమ్మల్ని నేను చూసుకుంటాను అని ఆమె మాట ఇచ్చింది.

ఈ కథలో నాకు నచ్చేది ఆ ఒప్పందం. ఊరు పుట్టిన రోజే అడవికీ ఊరికీ మధ్య హద్దు పడింది. చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు, నదిలో చేపలు పట్టకూడదు. చేప అమ్మవారి దూత. ఒషోగ్బో రాజును అతావోజా అంటారు, ఆ బిరుదు వెనక కూడా చేతులు చాచి చేపను అందుకున్న రాజు కథ ఉంది. ఒకప్పుడు ప్రతి యోరుబా ఊరికీ ఇలాంటి వనం ఒకటి ఉండేది. చాలావాటిని వదిలేశారు, కొన్ని కుంచించుకుపోయి నాలుగు చెట్లయ్యాయి.

ఒషోగ్బో వనం కూడా దాదాపు అదే దారి పట్టింది. 1950ల నాటికి పాత పూజారులు తగ్గిపోయారు. గుళ్లను పట్టించుకునేవాళ్లు లేరు, తప్పు చేస్తే శిక్ష పడుతుందన్న భయమూ పోయింది. పాత వస్తువులు కొనే వ్యాపారుల కోసం విగ్రహాల దొంగతనాలు పెరిగాయి. మరోవైపు వ్యవసాయ, అటవీ శాఖ వనంలో కొంత భాగాన్ని ప్రయోగాల కోసం తీసుకుంది. మహావృక్షాలు కొట్టేసి తోటలు వేశారు. వేటగాళ్లు వచ్చారు, జాలర్లు వచ్చారు, స్థలాల బేరగాళ్లు కొలతలు మొదలుపెట్టారు.

వియన్నా నుంచి వచ్చిన అదున్నీ

సుజానె వెంగర్ 1915లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పుట్టింది. గ్రాజ్‌లో, వియన్నాలో చిత్రకళ నేర్చుకుంది. పారిస్‌లో ఉల్లీ బైయర్ అనే భాషావేత్తను కలిసి, 1950లో ఆయనతో కలిసి నైజీరియా వచ్చింది. ఆయన ఇబాదాన్ విశ్వవిద్యాలయ కళాశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే ఆమెకు క్షయ పట్టుకుంది. ఆ జబ్బు నుంచి కోలుకున్నాక ఎడె అనే ఊళ్లో ఒబాతల దేవుడి పూజారి అజగెమోతో పరిచయమైంది. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా ఆయన దగ్గర దీక్ష తీసుకుంది. బైయర్‌తో బంధం తెగింది, ఆయన తర్వాత వేరే దేశాలకు వెళ్లిపోయాడు. ఆమె మాత్రం ఒషోగ్బో చేరి అక్కడే ఉండిపోయింది. ఊరివాళ్లు ఆమెను అదున్నీ అని పిలిచేవారు. 2009 జనవరి 12న, 93 ఏళ్ల వయసులో ఒషోగ్బోలోనే కన్నుమూసింది.

ఆమెను వనంలోకి పిలిచింది ఒషున్ పూజారులే. అమ్మవారి గుడిని చెదలు తినేస్తున్నాయి, కాస్త చూడమన్నారు. చిన్న మరమ్మతు పని. దానికోసం ఊళ్లో గోడలు కట్టుకునే తాపీ మేస్త్రీలను పిలిచారు. గోడ చక్కబెట్టడానికి వచ్చినవాళ్లు గోడ మీద బొమ్మలు తీర్చడం మొదలుపెట్టారు. ఆ పని అక్కడితో ఆగలేదు. వెంగర్ బతికున్నన్నాళ్లూ సాగింది, దానికి ‘నవ్య పవిత్ర కళ’ అని పేరొచ్చింది.

ఆమె మీద పుస్తకాలు, సినిమాలు చాలా వచ్చాయి. ఆ మేస్త్రీల గురించి అంతగా రాలేదు. ఒక తెల్ల స్త్రీ ఆఫ్రికా అడవిని ఉద్ధరించిందని చెప్పడం పత్రికలకు సులువు. వనంలో చేతులకు మట్టి అంటించుకున్నవాళ్ల జాబితా చూస్తే ఆ కథ నిలవదు. అందుకే ఇక్కడ మేస్త్రీ దగ్గరే కాసేపు ఆగుదాం.

తాపీ పట్టిన చెయ్యి

అడెబిసి అకంజి ఒషోగ్బోలో ఇళ్లు కట్టుకునే తాపీ మేస్త్రీ. యోరుబా పట్నాల మేస్త్రీలకు సిమెంటుతో బొమ్మలు చేయడం కొత్త కాదు. బ్రెజిల్‌లో బానిసత్వం నుంచి బయటపడి పందొమ్మిదో శతాబ్దంలో లాగోస్‌కు తిరిగొచ్చినవాళ్లు అక్కడి పద్ధతిలో మేడలు కట్టారు. కిటికీల చుట్టూ పూలు, స్తంభాల మీద లతలు, గుమ్మం పైన సింహాలు. ఆ పని చూసి ఇక్కడి మేస్త్రీలూ నేర్చారు. కాస్త కలిగినవాళ్లెవరు ఇల్లు కట్టినా పిట్టగోడ మీద సిమెంటు సింహం కూర్చోవలసిందే. 1960ల మొదట్లో ఉల్లీ బైయర్ ఇలాంటి సిమెంటు జంతువులు చేసి చూపించమని మేస్త్రీలను అడిగాడు. అకంజి చేసినవి చూశాక ఆయన్ను వదల్లేదు. అలా మొదలైన పని ఊరి పెట్రోలు బంకు గోడదాకా వెళ్లింది, అక్కడి నుంచి వనం ద్వారాల దాకా వచ్చింది.

అకంజి జాలీ గోడలను దగ్గర నుంచి చూడాలి. ఇనుప చువ్వను వంచి బొమ్మ గీతను తయారుచేస్తారు. దాని మీద సిమెంటు మాలును పొర తర్వాత పొరగా తాపీతో ఎక్కిస్తారు. పచ్చి ఆరకముందే కళ్లు, చేతివేళ్లు తీర్చాలి. ఒక మనిషి మోచెయ్యి పక్క మనిషి భుజానికి, ఆ మనిషి కాలు కింద ఉన్న జంతువు వీపుకి కలిసిపోతాయి. గోడ నిలబడేదే ఆ అతుకుల బలం మీద. ఒక్క బొమ్మను విడదీసి పట్టుకుపోదామన్నా కుదరదు, గోడంతా పగలగొట్టాలి. బొమ్మల మధ్య ఖాళీల్లోంచి వెనకున్న చెట్ల పచ్చదనం కనిపిస్తుంది, ఎండ పడినప్పుడు వాటి నీడలు నేల మీద పరుచుకుంటాయి. ఇంటికి గాలి ఆడటానికి కిటికీ జాలీ పెట్టే మేస్త్రీ విద్యే ఇది. దాన్నే అడవి ముంగిట్లోకి తెచ్చి నిలబెట్టాడు.

చెక్క, ఎర్రమన్ను అయితే చెదలకూ వానలకూ ఎన్నాళ్లు ఆగుతాయి? సిమెంటు, ఇనుము వాడడానికి అదే కారణం. సిమెంటు కూడా శాశ్వతమేమీ కాదు, ఆ సంగతికి తర్వాత వద్దాం.

బురైమో గ్బడమోసి వడ్రంగి. వనంలో రాయి చెక్కడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న బొమ్మలు, పెద్ద తలలు, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. ఒక్కసారి చూస్తే తర్వాత ఎక్కడ కనిపించినా ఆయన చెయ్యేనని గుర్తుపట్టొచ్చు. కసాలి అకాంగ్బె కొయ్య చెక్కే కుటుంబంలోంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా సాగిన మొహాలతో గుడి స్తంభాలు చెక్కాడు. సాకా అరెము, రబియు అబెసు, ఒజెవాలె అమూ, ఇంకా ఎందరో. వెంగర్ స్వయంగా తీర్చిన బొమ్మలు బృహత్తరమైనవి. కుమ్మరం, అద్దకం వంటి ఆడవాళ్ల పనులకు అధిదేవత అయిన ఇయా మోపో విగ్రహం చెట్ల మధ్య అమాంతం పైకి లేస్తుంది. ఒగ్బోని పెద్దల సభాగృహం కప్పులు ఆదికాలపు బల్లుల్లా మూడు వైపులా లేచి నిలుస్తాయి.

వెంగర్ ఈ మేస్త్రీలకు బొమ్మ గీసి ఇచ్చి ఇలాగే చెయ్యమని చెప్పలేదు. కలిసి పనిచేశారు, ఎవరి చెయ్యి వాళ్లదిగా ఉండనిచ్చింది. అకంజి గోడ అకంజిదే, బురైమో రాయి బురైమోదే. ఊరి ఉమ్మడి కళ అన్న మాటను చాలాచోట్ల నలుగురి చేత రంగు పూయించడానికే వాడేస్తుంటారు. ఇక్కడ ఆ మాటకు నిజమైన బరువుంది.

ఇంకో సంగతి. ఒషోగ్బోలో ముస్లింలు ఎక్కువ, క్రైస్తవులూ గట్టిగానే ఉన్నారు. ఒషున్‌ను నిత్యం కొలిచేవాళ్లు తక్కువమందే. బురైమో అంటే ఇబ్రహీమే. తన ఇంట్లో ఏ దేవుణ్ని కొలిచినా ఊరి అడవి వాకిలి కట్టడానికి వచ్చాడు. ఊరి పుట్టుక కథ అందరిదీ కాబట్టి ఆ పని అందరిదీ అయింది.

గోడ నిలబడ్డాక చట్టం

వెంగర్, ఆమెతో ఉన్నవాళ్లు స్థలాల బేరగాళ్లను ఎదిరించారు, వేటగాళ్లను తరిమారు. బొమ్మలు లేస్తున్నకొద్దీ హద్దు అందరి కళ్లకూ కనిపించసాగింది. కాగితం మీది సర్వే గీతను ఎవరైనా జరపగలరు. నిలువెత్తు విగ్రహాన్ని జరపాలంటే ఊరు చూస్తుండగా జరపాలి. 1965లో వనంలో కొంత భాగాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1992లో ఆ రక్షణ 75 హెక్టార్లకూ విస్తరించింది. 2005 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నైజీరియాలో ఆ గౌరవం పొందిన చోట్లలో ఇది రెండోది, మొదటిది 1999లో చేరిన సుకుర్. చుట్టూ మరో 47 హెక్టార్లను రక్షణ వలయంగా గుర్తించారు. వనంలో 40 గుళ్లు ఉన్నాయి, నది పొడవునా పూజలు జరిగే తావులు ఉన్నాయి. నాలుగు వందల రకాల మొక్కలు లెక్క తేలాయి, వాటిలో సగం దాకా మందులకు పనికొచ్చేవే. కోతులు గుంపులుగా తిరుగుతుంటాయి. దక్షిణ నైజీరియాలో ఒకప్పుడు పరుచుకున్న ఎత్తైన అడవి ఎలా ఉండేదో చూడాలంటే మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి.

ఆగస్టు వస్తే ఈ ద్వారాల అసలు పని తెలుస్తుంది. జాతర రెండు వారాలు సాగుతుంది. మొదట దారి శుభ్రం చేస్తారు. ఒక రాత్రి పదహారు ఒత్తుల దీపం వెలిగించి, దాని చుట్టూ అతావోజా నాట్యం చేస్తాడు. చివరి రోజు రాజవంశపు కన్య అరుగ్బా నెత్తిన సొరబుర్ర పెట్టుకుని, దాని మీద గుడ్డ కప్పుకుని రాజభవనం నుంచి నది దాకా నడుస్తుంది. ఊరి మొక్కులన్నీ ఆ బుర్రలో ఉన్నట్టే. ఆమె తడబడితే ఊరికి అరిష్టమని నమ్మకం. వేలమంది డప్పులు కొడుతూ వెంట నడుస్తారు. నడిచీ నడిచీ గోడ దగ్గరికి, కమాను దగ్గరికి చేరేసరికి గుంపు సన్నబడి లోపలికి సాగాలి. ఊళ్లో ఉన్న నడక ఇక్కడ కుదరదు. ద్వారం దగ్గర మనిషి తనంతట తానే నెమ్మదిస్తాడు. ఏ తోటకైనా, ఏ పార్కుకైనా ముఖద్వారం చేయవలసిన పని ఇదే. చాలావాటికి గేటు అంటే టికెట్టు చించే చోటు మాత్రమే కావడం నాకు బాధగా ఉంటుంది.

విమర్శలు లేకపోలేదు. యోరుబా సంప్రదాయంలో గుళ్లు చిన్నవి, బొమ్మలు చిన్నవి. అడవిలో ఇంత భారీ విగ్రహాలు అక్కర్లేదని, ఒక ఐరోపా కళాకారిణి ఊహ పాత నమ్మకాన్ని మింగేసిందని అన్నవాళ్లున్నారు. ఆ ప్రశ్నను తోసేయలేం. ఇయా మోపో విగ్రహంలో వియన్నా చదువు కనిపిస్తుంది, నిజమే. కానీ ఆమెను పిలిచింది పూజారులు, పక్కన నిలబడి పనిచేసింది ఊరి మేస్త్రీలు, జాతరలో ఆ విగ్రహాల ముందు మోకరిల్లేది ఊరివాళ్లు. బయటి చెయ్యి పడిందా లేదా అన్నదానికంటే లోపలివాళ్లు దాన్ని తమదనుకున్నారా అన్నదే నేను ముందు అడుగుతాను. ఒషోగ్బో అనుకుంది.

ఒషున్ ఎప్పుడో సముద్రం దాటిపోయింది. బానిసల ఓడల్లో వెళ్లినవాళ్లు ఆమెను క్యూబాకు, బ్రెజిల్‌కు తీసుకెళ్లారు, అక్కడ ఇప్పటికీ ఆమె తేనె ఇష్టపడే నదీదేవత. ఆ దేశాలవాళ్లు ఆగస్టులో ఒషోగ్బో వస్తారు. దేవతతో పాటు యోరుబా ఊరి పేరూ సముద్రం దాటింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా ఉత్తర భాగంలో యోరుబాల ఆదినగరం పేరు మీద ఇలె ఇఫె పార్కు అని ఒకటుంది. నాట్యకారుడు ఆర్థర్ హాల్ నడిపిన కళాకేంద్రం పక్కన ఖాళీ జాగా పాడుపడి ఉంటే, 1986లో ఆయన చైనా సంతతి చిత్రకారిణి లిలీ యేను పిలిచాడు. ఆమె వీధి పిల్లలతో, జోజో విలియమ్స్ వంటి ఇరుగుపొరుగువాళ్లతో కలిసి చెట్లు నాటి, సిమెంటు బొమ్మలు కట్టి, పగిలిన టైల్స్ ముక్కలు అతికించింది. మత్తుమందుల నుంచి బయటపడ్డ జేమ్స్ మాక్స్టన్ అనే ఆరడుగులకు పైబడిన మనిషి ఆ టైల్స్ పని నేర్చుకుని ఊరంతటికీ ఉస్తాదు అయ్యాడు. పక్క సందులో గోడ మీద రెక్కల దేవదూతలు వెలిశారు. ఒషోగ్బోకూ దీనికీ నేరుగా సంబంధం లేదు. అయినా అక్కడా ఇక్కడా పని ఒకే తీరున సాగింది. ఊరివాళ్ల చెయ్యి పడ్డ జాగాను ఊరివాళ్లే కాపలా కాశారు.

మళ్లీ మాలు కలపాలి

సిమెంటు పగులుతుంది. లోపలి ఇనుముకు తడి తగిలితే తుప్పు ఉబ్బి పైపొరను నెట్టేస్తుంది. నాచు పడుతుంది, చెట్ల వేళ్లు గోడ కిందికి దూరతాయి. వెంగర్ పోయాక ఆమె పేరు మీద నడిచే ట్రస్టు ఒకటి ప్రదర్శనశాలల, స్మారకాల జాతీయ కమిషన్‌తో కలిసి ఒక్కొక్క విగ్రహాన్నీ బాగుచేయిస్తూ వచ్చింది. పని చేసింది పాత మేస్త్రీలే, వాళ్ల దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నవాళ్లే. గుంటూరులో గుడి గాలిగోపురానికి సున్నం పట్టించే మేస్త్రీనడిగినా చెబుతాడు, బొమ్మను నిలబెట్టేది మొదటిసారి కట్టినవాడు ఒక్కడే కాదు, ప్రతి తరంలో మాలు కలిపేవాడు కూడా అని. తాపీ పట్టే కుర్రాళ్లు లేకపోతే ఈ గోడలకు ఇంకో యాభై ఏళ్లు కష్టమే. అన్నిటికంటే ముందు ఆ చేతులకు జీతం, గౌరవం కావాలి.

అంతకంటే పెద్ద ఆపద నీళ్లలో వస్తోంది. ఒషున్ నది పొరుగున ఉన్న ఎకిటి రాష్ట్రంలో ఇగెడె దగ్గర పుడుతుంది. దారిలో ఇలేషా ప్రాంతంలో బంగారం తవ్వుతున్నారు. చిన్న తవ్వకందార్లు నదిలోనూ, దాన్ని చేరే వాగుల్లోనూ మన్ను కడుగుతారు. కొన్నేళ్లుగా వనంలోంచి పారే నీళ్లు బురద రంగులోకి మారాయి. స్వచ్ఛంద సంస్థలు చేయించిన పరీక్షల్లో సీసం, పాదరసం వంటి విషలోహాలు కనిపించాయి. ఆ నీళ్లు తాగొద్దని రాష్ట్ర ప్రభుత్వమే హెచ్చరించింది. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్లు మాత్రం జాతరనాడు ఆ నీళ్లనే సీసాల్లో నింపుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు. అమ్మవారి నీళ్లు హాని చేయవని వాళ్ల నమ్మకం.

మేస్త్రీలు కట్టిన గోడ కాపలా ఆ 75 హెక్టార్లకే. నది ఆ గోడకు ఎగువన చాలా దూరం నుంచి వస్తుంది. అక్కడ ఏ కమానూ లేదు, ఏ ఊరూ దాని వాకిట్లో కూర్చుని లేదు. నైజీరియాలో గనుల లైసెన్సులు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. వనాన్ని అతావోజాతో కలిసి చూసుకునే జాతీయ కమిషన్ కూడా కేంద్రానిదే. రెండు కార్యాలయాలూ అబూజా నగరంలోనే ఉన్నాయి. ఇలేషా వాగుల్లో మన్ను కడగడం ఎప్పుడు ఆపిస్తారో ఆ రెండూ కూర్చుని తేల్చాలి, వచ్చే ఆగస్టు జాతరకు ముందే తేల్చాలి.